ఖాళీ అయిన సీటు ఎవరిది? నియామకం, ఉప ఎన్నిక: గోదావరి జిల్లాల అనుభవం

2023 డిసెంబర్ 15న పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలం చెరుకువాడ దగ్గర జరిగిన కారు ప్రమాదంలో ఎమ్మెల్సీ జనాబ్ షేక్ సాబ్జీ మరణించారు. అప్పుడు రాష్ట్రమంతా అంగన్‌వాడీల సమ్మె నడుస్తోంది. వాళ్లకు మద్దతుగా ఆయన ఏలూరు నుంచి భీమవరం వెళ్తుండగా ఈ ఘోరం జరిగింది. ఉపాధ్యాయ ఉద్యమంలో పనిచేసి, 2021 మార్చిలో తూర్పు–పశ్చిమ గోదావరి ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి పీడీఎఫ్ తరఫున శాసనమండలికి ఎన్నికైన నాయకుడాయన. ఆయన పదవీకాలం 2027 మార్చి దాకా ఉంది. అంటే మూడేళ్లకు పైగా కాలం మిగిలి ఉండగానే సీటు ఖాళీ అయింది.

ఇలాంటప్పుడు ఇంట్లో, మస్జిద్ బయట, టీ కొట్టు దగ్గర సహజంగా వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఆ సీట్లో ఇప్పుడు ఎవరు కూర్చుంటారు? ప్రభుత్వమే ఎవరినో ఒకరిని వేసేస్తుందా? ఇంట్లో వాళ్లకు ఇచ్చేస్తారా? లేకపోతే మళ్లీ ఓట్లు పెడతారా?

ఓట్లే పెట్టారు. 2024 డిసెంబర్ 5న ఉప ఎన్నిక జరిగింది. డిసెంబర్ 9న కాకినాడ జేఎన్‌టీయూలో లెక్కింపు జరిగింది. పీడీఎఫ్ అభ్యర్థి, ఉపాధ్యాయ నాయకుడు బొర్రా గోపీమూర్తి 9 వేలకు పైగా ఓట్లు తెచ్చుకుని గెలిచారు. పోలింగ్ 92 శాతం దాటింది. 2021లో సాబ్జీ గెలిచినప్పుడు రాష్ట్రంలో ఉన్నది వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం, 2024లో ఉప ఎన్నిక నాటికి ఉన్నది తెలుగుదేశం కూటమి ప్రభుత్వం. టీచర్లు రెండుసార్లూ ఎన్నుకున్నది ఆ రెండింటిలోనూ లేని పీడీఎఫ్‌నే. ఖాళీ సీటును ప్రభుత్వం నింపే పద్ధతే ఉండి ఉంటే ఈ ఫలితం వచ్చేదా? ఖాళీని ఓటుతోనే నింపాలని చట్టం ఎందుకు పట్టుబడుతుందో ఇక్కడే అర్థమవుతుంది.

ఏ సీటును ఎవరు నింపుతారు?

సూత్రం చాలా సులువైనది. సీటు మొదట ఎలా నిండిందో, ఖాళీ అయినా అలాగే నిండాలి. ప్రజలు ఎన్నుకున్న సీటును ప్రజలే నింపాలి. ఎమ్మెల్యేలు ఎన్నుకున్న సీటును ఎమ్మెల్యేలు నింపాలి. నామినేట్ చేసిన సీటును మాత్రమే మళ్లీ నామినేషన్‌తో నింపుతారు.

ఎమ్మెల్యే, లోక్‌సభ ఎంపీ సీట్లు నేరుగా ప్రజలవి. కాబట్టి ఖాళీ అయితే ఆ నియోజకవర్గం ఓటర్లందరితో ఉప ఎన్నిక జరగాలి. ఒకప్పుడు ఆంగ్లో–ఇండియన్ సముదాయం కోసం లోక్‌సభలోనూ శాసనసభల్లోనూ నామినేటెడ్ సీట్లు ఉండేవి. 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరి నుంచి ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు లోక్‌సభలోనూ మన శాసనసభలోనూ నామినేషన్‌తో కూర్చునే సభ్యుడు ఒక్కరూ లేరు.

రాజ్యసభ సీట్లకు ఓటర్లు ఎమ్మెల్యేలు. రాష్ట్రపతి నామినేట్ చేసే 12 మంది వేరు.

శాసనమండలి దగ్గరకు వచ్చేసరికి రెండు పద్ధతులూ ఒకే చోట కనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్ మండలిలో మొత్తం 58 సీట్లు. వీటిలో 20 ఎమ్మెల్యేల కోటా, 20 స్థానిక సంస్థల కోటా, 5 పట్టభద్రులవి, 5 ఉపాధ్యాయులవి. మిగిలిన 8 గవర్నర్ కోటా. సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకార ఉద్యమం, సమాజ సేవ రంగాల్లో అనుభవం ఉన్నవాళ్లను వీటిలో వేయాలని రాజ్యాంగం చెబుతుంది. పేరుకు గవర్నర్ నామినేట్ చేసినా, జాబితా పంపేది రాష్ట్ర మంత్రివర్గం.

మన గోదావరి జిల్లాల్లో ఈ రెండు దారుల్లోనూ చట్టసభకు వెళ్లిన నాయకులున్నారు. తోట త్రిమూర్తులు 2012లో రామచంద్రపురం ఉప ఎన్నికలో జనం ఓట్లతో గెలిచి శాసనసభకు వెళ్లారు. 2021 జూన్‌లో గవర్నర్ కోటాలో మండలికి నామినేట్ అయ్యారు. అదే జాబితాలో పశ్చిమ గోదావరికి చెందిన కొయ్యే మోషేన్‌రాజు కూడా ఉన్నారు. ఆయన తర్వాత మండలి ఛైర్మన్ అయ్యారు. నామినేషన్ చట్టబద్ధమే, దానిలో తప్పేమీ లేదు. కానీ జవాబుదారీలో తేడా ఉంటుంది. ఓటుతో వచ్చిన సభ్యుడు మళ్లీ ఓటర్ల దగ్గరకే రావాలి. నామినేషన్‌తో వచ్చిన సభ్యుడికి ఆ అవసరం ఉండదు.

సీటు ఖాళీ అయ్యేది ఎలా?

మరణం ఒక్కటే కారణం కాదు. చట్టం ప్రకారం ఇంకా కొన్ని దారులున్నాయి.

• రాజీనామా: ఎమ్మెల్యే అయితే స్పీకర్‌కు, ఎమ్మెల్సీ అయితే ఛైర్మన్‌కు ఇవ్వాలి. అది ఇష్టపూర్వకంగా ఇచ్చింది కాదనిపిస్తే ఆమోదించకుండా ఆపే అధికారం వాళ్లకుంది. ఆమోదించిన తర్వాతే సీటు ఖాళీ అయినట్టు లెక్క.

• ఫిరాయింపు: 1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం, గెలిపించిన పార్టీని వదిలేసినా, సభలో పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేసినా అనర్హత వేటు పడుతుంది.

• శిక్ష: కోర్టు రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష వేస్తే సభ్యత్వం పోతుంది. అప్పీలు వేశామని పదవిలో కొనసాగే వీలు 2013లో లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది.

• రెండు పదవులు: ఎమ్మెల్యే ఎంపీగా గెలిస్తే ఏదో ఒకటి వదులుకోవాలి.

• గైర్హాజరు: అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చు.

ఆరు నెలల గడువు

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 151ఏ అనే సెక్షన్ ఉంది. 1996లో చేర్చారు. ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ ఎవరి సీటు ఖాళీ అయినా, ఖాళీ అయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు ఉప ఎన్నిక జరపాలని అది చెబుతుంది. ఉప ఎన్నికలో గెలిచినవాళ్లకు పూర్తి కాలం దొరకదు. పాత సభ్యుడికి ఎంత మిగిలి ఉంటే అంతే.

ఈ గడువుకు రెండు మినహాయింపులున్నాయి. ఒకటి, పదవీకాలం ఏడాది కంటే తక్కువ మిగిలి ఉంటే ఎన్నిక జరపనక్కర్లేదు. రెండోది, ఆ లోపు ఎన్నిక జరపడం కష్టమని ఎన్నికల సంఘం కేంద్ర ప్రభుత్వంతో సంప్రదించి ధ్రువీకరిస్తే వాయిదా వేయవచ్చు.

కాగితం మీద ఇది గట్టి నియమమే. ఆచరణలో ఎలా ఉంటుందో చూడండి. సాబ్జీ సీటుకు ఆరు నెలల గడువు 2024 జూన్ నడుమకే పూర్తయింది. ఈ లోపు రాష్ట్రంలో సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. మండలి ఉప ఎన్నిక పోలింగ్ జరిగింది డిసెంబర్ 5న. ఇంకో పది రోజులు ఆగితే ఆయన చనిపోయి ఏడాది. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల టీచర్లకు అంతకాలం మండలిలో తమ ఎమ్మెల్సీ లేడు. బదిలీలు, పదోన్నతులు, పీఆర్సీ, పింఛను మీద సభలో వాళ్ల తరఫున లేచి అడగాల్సిన కుర్చీ ఖాళీగానే ఉంది.

ఇదొక్క మన దగ్గరి సంగతే కాదు. మహారాష్ట్రలోని పుణె లోక్‌సభ సభ్యుడు గిరీశ్ బాపట్ 2023 మార్చి 29న చనిపోయారు. ఉప ఎన్నిక పెట్టలేదు. ఒక ఓటరు కోర్టుకెళితే, వెంటనే ఎన్నిక జరపమని 2023 డిసెంబర్‌లో బాంబే హైకోర్టు ఆదేశించింది. ప్రాతినిధ్యం లేకుండా జనాన్ని వదిలేయడం కుదరదని చెప్పింది. తర్వాతి నెలలో సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. చివరికి 2024 సార్వత్రిక ఎన్నికల దాకా పుణెకు ఎంపీ లేడు.

ఇవి చూస్తే ఒకటి తెలుస్తుంది. ఖాళీని ఎన్నికతోనే నింపాలన్న హక్కు ఉంటే సరిపోదు, ఆ ఎన్నిక సమయానికి జరగాలి. ఆలస్యమైనకొద్దీ ఓటరు హక్కు తరిగిపోతుంది.

గోదావరి ఓటరు ఏం చేశాడు?

ఉప ఎన్నిక అంటే అధికార పార్టీ గెలవడమే, లేదా సానుభూతి గాలి వీయడమే అని చాలా మంది అనుకుంటారు. కొన్నిసార్లు అలాగే జరుగుతుంది కూడా. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఆయన అమలాపురం ఎంపీ, ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళితుడు. అదే ఏడాది జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య గంటి విజయకుమారి తెలుగుదేశం తరఫున గెలిచారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, భర్త సీటు ఆమెకు వారసత్వంగా రాలేదు. టికెట్ పార్టీ ఇచ్చింది, సీటు ఇచ్చింది మాత్రం కోనసీమ ఓటర్లు. వాళ్లు వద్దనుకుంటే వచ్చేది కాదు.

పదేళ్ల తర్వాత 2012లో ఇంకో రకం కథ నడిచింది. 2011 డిసెంబర్‌లో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానంలో విప్ ధిక్కరించి ఓటేసిన జగన్ వర్గం ఎమ్మెల్యేలపై స్పీకర్ నాదెండ్ల మనోహర్ అనర్హత వేటు వేశారు. 2012 జూన్ 12న ఒకేసారి 18 అసెంబ్లీ స్థానాలకు, నెల్లూరు లోక్‌సభకు ఉప ఎన్నికలు వచ్చాయి. గోదావరి జిల్లాల్లో మూడు: తూర్పున రామచంద్రపురం, పశ్చిమాన నరసాపురం, పోలవరం.

రాష్ట్రమంతా గాలి ఒకే వైపు వీచింది. 18లో 15 వైఎస్సార్‌సీపీకి వెళ్లాయి. పరకాల టీఆర్‌ఎస్ గెలిచింది. అధికారంలో ఉన్న కాంగ్రెస్‌కు దక్కినవి రెండే రెండు, ఆ రెండూ మన డెల్టాలోనివే. రామచంద్రపురంలో పిల్లి సుభాష్ చంద్రబోస్‌పై తోట త్రిమూర్తులు గెలిచారు. నరసాపురంలో ముదునూరి ప్రసాదరాజుపై కొత్తపల్లి సుబ్బారాయుడు గెలిచారు. పోలవరంలో మాత్రం తెల్లం బాలరాజు వైఎస్సార్‌సీపీ తరఫున తన సీటు నిలబెట్టుకున్నారు.

ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది కాసేపు పక్కన పెట్టండి. ముగ్గురూ ‘జనం నా వెంటే ఉన్నారు’ అన్న ధీమాతోనే బరిలోకి దిగారు. రెండు చోట్ల జనం కాదన్నారు, ఒక చోట అవునన్నారు. ఒక్కో నియోజకవర్గం తన లెక్క తాను వేసుకుంది. సీటు ఎవరికి చెందాలో స్పీకరో, ముఖ్యమంత్రో, పార్టీ అధినేతో నిర్ణయించి ఉంటే ఈ తేడా ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇతర దేశాల్లో ఎలా?

బ్రిటన్‌లో కామన్స్ సభ సీటు ఖాళీ అయితే ఉప ఎన్నికే. మన పద్ధతికి మూలం అక్కడే ఉంది. జర్మనీలో పార్టీ జాబితాలో తర్వాతి పేరుకు సీటు వెళుతుంది.

అమెరికాలో రెండు సభలకూ రెండు రకాలు. దిగువ సభ సీటును ఎన్నికతోనే నింపాలి. సెనేట్ సీటు ఖాళీ అయితే, రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే, ఎన్నిక జరిగేదాకా గవర్నర్ ఒకరిని తాత్కాలికంగా వేయవచ్చు. 1913లో వచ్చిన 17వ సవరణ ఈ వీలు ఇచ్చింది. కుర్చీ ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండకూడదన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ 2008లో ఏం జరిగిందో చూడండి. బరాక్ ఒబామా అధ్యక్షుడిగా గెలవడంతో ఇల్లినాయిస్‌లో ఆయన సెనేట్ సీటు ఖాళీ అయింది. దాన్ని నింపే అధికారం గవర్నర్ రాడ్ బ్లాగోయెవిచ్ చేతిలో ఉంది. ఆ సీటుకు బదులుగా తనకేం దొరుకుతుందని బేరం పెట్టాడన్న ఆరోపణ మీద ఆయనను ఆ డిసెంబర్‌లో అరెస్టు చేశారు. అరెస్టయ్యాక కూడా నెలాఖరులో ఆ సీటుకు రోలండ్ బరిస్‌ను నియమించాడు. తర్వాత గవర్నర్ పదవి పోయింది, కోర్టులో నేరం రుజువై 14 ఏళ్ల శిక్ష పడింది.

ఒక్క మనిషి సంతకంతో సీటు నిండే చోట బేరానికి తలుపు తెరిచే ఉంటుంది. వేల మంది ఓటేసే చోట కూడా డబ్బు తిరుగుతుంది, కాదనలేం. కానీ రహస్య ఓటు పడే పెట్టె దగ్గర ఆ బేరం ఖాయమన్న భరోసా ఎవరికీ ఉండదు.

ఉప ఎన్నికలోనూ లోపాలున్నాయి

అన్నీ మంచే చెబితే సగం సంగతి దాచినట్టవుతుంది.

మొదటిది ఖర్చు, శ్రమ. ఒక్క సీటు కోసం యంత్రాంగమంతా కదలాలి, ప్రవర్తనా నియమావళి అమల్లోకి వచ్చి కొత్త పనులు ఆగుతాయి. పార్టీ మారడం కోసమో బల ప్రదర్శన కోసమో రాజీనామా చేసి ఉప ఎన్నిక తెస్తే ఆ భారం జనం మీదే పడుతుంది.

రెండోది అధికార బలం. రాష్ట్రమంతా ఒకేసారి జరిగే ఎన్నికలో మంత్రులు ఎవరి నియోజకవర్గంలో వాళ్లుంటారు. ఉప ఎన్నికలో మంత్రివర్గం మొత్తం ఒకే ఊళ్లో దిగుతుంది.

మూడోది ‘ఏకగ్రీవం’. 2024లో రాష్ట్రం నుంచి ముగ్గురు రాజ్యసభ సభ్యులు రాజీనామా చేస్తే, డిసెంబర్‌లో ముగ్గురు పోటీ లేకుండా ఎన్నికయ్యారు. వాళ్లలో కాకినాడకు చెందిన సానా సతీష్ బాబు ఒకరు. విజయసాయిరెడ్డి రాజీనామాతో ఖాళీ అయిన సీటుకు 2025లో భీమవరానికి చెందిన పాకా వెంకట సత్యనారాయణ కూడా పోటీ లేకుండానే వెళ్లారు. ఇదంతా చట్టం ప్రకారం ఎన్నికే. అయితే ఓటర్లు ఎమ్మెల్యేలు, వాళ్లలో అత్యధికులు ఒకే కూటమివాళ్లు. అందుకే పేరు ప్రకటించిన రోజే ఫలితం తెలిసిపోయింది. ఎన్నిక అని పిలిచినంత మాత్రాన నిజమైన ఎంపిక ఉన్నట్టు కాదు. ఓటరు చేతిలో రెండు దారులుంటేనే అది ఎంపిక.

ఈ లోపాలకు మందు నియామకం కాదు. గడువు పాటించడం, పోటీ ఉండడం, ఓటరు ఇల్లు కదిలి రావడం.

కో–ఆప్షన్ సీటు, ప్రత్యేకాధికారి: మన వీధిలోని నియామకాలు

చాలా ముస్లిం కుటుంబాలకు ‘నియామకం’ అంటే ముందుగా గుర్తొచ్చేది గవర్నర్ కోటా కాదు, కో–ఆప్షన్ సభ్యుడి పదవి. రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మండల పరిషత్‌లో ఒకరిని, జిల్లా పరిషత్‌లో ఇద్దరిని మైనారిటీల నుంచి కో–ఆప్ట్ చేసుకుంటారు. మునిసిపాలిటీల్లోనూ కో–ఆప్షన్ ఉంది. మన మాట సభలో వినపడటానికి ఇది ఉపయోగపడుతుంది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

కానీ దాని హద్దులు తెలుసుకోవాలి. మండల, జిల్లా పరిషత్ అధ్యక్షులను ఎన్నికైన సభ్యులే, తమలోంచే ఎన్నుకోవాలని రాజ్యాంగంలోని 243సీ అధికరణం చెబుతుంది. అంటే కో–ఆప్షన్ సభ్యుడికి ఎంపీపీ ఎన్నికలో ఓటు లేదు, ఎంపీపీ అయ్యే అవకాశమూ లేదు. మర్యాద ఉంది, కుర్చీ ఉంది, లెక్కలోకి వచ్చే ఓటు లేదు.

దీని పక్కన ఏలూరును పెట్టి చూడండి. షేక్ నూర్జహాన్ డివిజన్ ఓటర్ల ఓట్లతో కార్పొరేటర్‌గా గెలిచి 2014లో ఒకసారి, 2021లో మరోసారి ఏలూరు మేయర్ అయ్యారు. సాబ్జీ గెలిచిన ఉపాధ్యాయ సీటు కూడా ఏ మతానికీ, కులానికీ రిజర్వ్ చేసినది కాదు. రెండు జిల్లాల టీచర్లు, అన్ని మతాలవాళ్లు, ఆయన పనిని చూసి వేసిన ఓట్లవి. అడిగి తెచ్చుకున్న సీటుకూ, ఓటుతో గెలుచుకున్న సీటుకూ మాట బరువులో ఉన్న తేడా ఇదే.

ఇంకో రకం నియామకం ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గం గడువు ముగిసి ఎన్నికలు జరగకపోతే ప్రభుత్వం ఒక అధికారిని వేస్తుంది. రాష్ట్రంలో గ్రామ పంచాయతీల కాలం 2018 ఆగస్టులో ముగిస్తే, ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్లు ఊరికి సర్పంచ్ లేడు. రాజమహేంద్రవరం నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగినా అక్కడ జరగలేదు. కాకినాడలో 2017లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2022లో ముగిశాక అక్కడా అధికారి పాలనే వచ్చింది. అధికారి ఎంత మంచివాడైనా, కాలవ పూడిక గురించో శ్మశానం దారి గురించో అడగడానికి వెళితే ఆయనకు మన ఓటుతో పని లేదు. కార్పొరేటర్‌కు ఉంటుంది.

ఉప ఎన్నిక వస్తే మనం సిద్ధంగా ఉన్నామా?

సార్వత్రిక ఎన్నిక ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది. ఉప ఎన్నిక చెప్పి రాదు. సాబ్జీ సీటుకు 2024 నవంబర్ 11న నోటిఫికేషన్ వచ్చింది, నామినేషన్ల గడువు 18తో ముగిసింది. నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకు ఓటర్ల జాబితాలో కొత్త పేరు చేర్చరు. అంటే నోటిఫికేషన్ చూశాక పరిగెత్తితే మిగిలేది వారమే. అందుకే ముందే చూసుకోవాల్సినవి కొన్ని.

1. జాబితాలో పేరు: ఓటరు కార్డు ఇంట్లో ఉంటే పేరు జాబితాలో ఉన్నట్టు కాదు. ఏడాదికి ఒకసారైనా బూత్ స్థాయి అధికారి (బీఎల్వో) దగ్గరో, ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనో చూసుకోండి. సందేహాలుంటే 1950కి ఫోన్ చేయవచ్చు. కొత్త ఓటరుకు ఫారం 6. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏ నాటికి 18 నిండినా అర్హతే.

2. పేరు రాత: మన ఇళ్లలో ఇది పెద్ద తలనొప్పి. షేక్, సయ్యద్, మహమ్మద్, పఠాన్ ఇంటిపేర్లతో ఒకే బూత్‌లో ఒకే పేరున్న నలుగురైదుగురు ఉంటారు. ఆధార్‌లో ఖాజా, జాబితాలో కాజా. ఒక చోట బీబీ, ఇంకో చోట బేగం. తండ్రి పేరు, ఇంటి నంబరు సరిగ్గా ఉంటే గొడవ తగ్గుతుంది. తప్పులు దిద్దడానికి ఫారం 8 ఇవ్వాలి.

3. పెళ్లయి వచ్చిన కోడళ్లు: పుట్టింటి ఊళ్లో పేరు ఉండిపోయి, అత్తవారింట్లో లేకపోవడం మామూలే. మార్పిడికీ ఫారం 8 చాలు. ఇంటి పెద్దలు ఈ ఒక్క పని చేసి పెడితే ఆడవాళ్ల ఓట్లు చాలా నిలుస్తాయి.

4. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు: కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు భారత పౌరులుగానే ఉంటే ఫారం 6ఏతో ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. కానీ ఓటు వేయడానికి పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి.

5. టీచర్లు, పట్టభద్రులు: మామూలు ఓటరు జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన మండలి ఓటు రాదు. ఇది వేరే జాబితా. టీచర్లకు ఫారం 19, పట్టభద్రులకు ఫారం 18. హైస్కూలు స్థాయికి తగ్గని విద్యాసంస్థలో, గత ఆరేళ్లలో మొత్తం మూడేళ్లయినా బోధించి ఉండాలి. ఉర్దూ మీడియం హైస్కూలు టీచర్లకూ ఇదే నియమం. ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఈ ఓటు లేదు. పట్టభద్రులైతే డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి. రెండింటికీ అర్హత తేదీ నవంబర్ 1. ఆరేళ్లకోసారి వచ్చే ఎన్నికకు ఈ జాబితాను మొదటి నుంచి కొత్తగా తయారు చేస్తారు. కిందటిసారి వేశాం కదా అని ఊరుకుంటే పేరు ఉండదు.

6. ఓటు వేసే తీరు: మండలి ఉపాధ్యాయ, పట్టభద్రుల ఎన్నికలో మీట నొక్కడం ఉండదు. కాగితం మీద 1, 2, 3 అని ప్రాధాన్యత అంకెలు వేయాలి. 1 తప్పనిసరి, మిగతావి మన ఇష్టం. పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన పెన్నుతోనే రాయాలి. టిక్కు పెట్టినా, పేరు రాసినా, సంతకం చేసినా ఓటు చెల్లదు. చెల్లిన ఓట్లలో సగం కంటే ఒకటి ఎక్కువ వచ్చినవారు గెలుస్తారు. ఎవరికీ అంత రాకపోతే, అందరికంటే తక్కువ ఓట్లొచ్చినవారిని తొలగించి వాళ్ల రెండో ప్రాధాన్యత ఓట్లు పంచుతారు. 2024లో గోపీమూర్తికి ఆ అవసరం రాలేదు, మొదటి ప్రాధాన్యతతోనే గెలిచారు.

2022 ఏప్రిల్‌లో పాత ఉభయ గోదావరి జిల్లాలు విడిపోయి కాకినాడ, కోనసీమ, ఏలూరు లాంటి కొత్త జిల్లాలు వచ్చాయి. మండలి నియోజకవర్గం మాత్రం పాత రెండు జిల్లాల హద్దులతోనే నడుస్తోంది. కాబట్టి అమలాపురంలో, భీమవరంలో, తునిలో, ఏలూరులో ఎక్కడ పనిచేస్తున్న టీచరైనా ఓటేసేది ఇదే సీటుకు.

సాబ్జీకి 2021లో ఇచ్చిన ఆరేళ్లలో మిగిలిన కాలమే ఇప్పుడు గోపీమూర్తి చేస్తున్నది. ఆ సీటు 2027 మార్చిలో మళ్లీ ఓటర్ల ముందుకు వస్తుంది. దానికి అర్హత తేదీ ముందు ఏడాది నవంబర్ 1. ఇంట్లో హైస్కూలు టీచరో, జూనియర్ కాలేజీ లెక్చరరో ఉంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి, ఫారం 19 వాళ్ల చేత నింపించండి.